ఎవరు చేసిరి? ఎవరు చేయవలెను?



వానను గూర్చి వాదము జరుగని రచ్చబండ మన గ్రామములలో కలదా? మృగశిర కార్తె దాటినను చినుకు రాలకపోయినప్పుడును, కోసిన పనలు చేలోనే ఉండగా తుఫాను పట్టి నీట తేలినప్పుడును, సాయంకాలము నలుగురు కూడినచోట మొట్టమొదట లేచు ప్రశ్న ఒక్కటే: ఇది ఎందుచేత వచ్చినది? ఆ ప్రశ్న మంచిదే. నేను దానిని ఆక్షేపింపను. అయితే ఆ ప్రశ్నకు గట్టిగా జవాబు చెప్పినవారు, చెప్పిన పిమ్మట ఏమి చేయుదురో మీరెప్పుడైనను గమనించితిరా? కండువా దులుపుకొని ఇంటికి పోవుదురు. ఈ సంగతిని గూర్చియే మీతో కొంత మాటలాడగోరుచున్నాను.

నేను సేవ చేయుచున్నది ప్రకాశం జిల్లాలోని మెట్ట పల్లెలలో. ఇచ్చట నేను విన్న జవాబులు నాలుగు విధములు. "ఇవి అంత్యదినములు, పాపము పండినది, దేవుడు శిక్షించుచున్నాడు" అని కొందరందురు. "ఇది కొత్త సంగతి కాదు, ధాత కరువును మన ముత్తాతలు చూడలేదా? ఎండలును కరువులును ఎప్పుడును ఉన్నవే" అని మరికొందరందురు. పట్నములో చదువుకొనిన యౌవనులు, "ధనిక దేశములవారు బొగ్గును చమురును కాల్చి గాలిని చెరిపిరి, వారు తిన్నదానికి మనము అప్పు తీర్చుచున్నాము" అందురు. నాలుగవవారు భక్తిగల పెద్దలు. "కాలముల వరుసను తప్పింపనని దేవుడు నోవహుకు మాట యిచ్చెను గదా! మనకు దిగులెందుకు?" అని వీరి ధైర్యము.

ఈ నాలుగింటిలోను కొంత కొంత సత్యము లేకపోలేదు. నేను గౌరవించు పెద్దలే వీటిని పలుకుచున్నారు. అయితే ఒక్కొక్క జవాబు వెంట కొంతదూరము నడిచి చూడుడి. శిక్షయే అయితే ఓర్చుకొనుట తప్ప మరేమున్నది? ఎప్పుడును ఉన్నదే అయితే అదే పోవును. ధనికులు చేసినదైతే వారే సరిచేయవలెను. దేవుడు మాట యిచ్చెనంటే మనము నిద్రపోవచ్చును. నాలుగు త్రోవలును తిరిగి తిరిగి మన మంచము దగ్గరికే చేరుచున్నవి!

2015వ సంవత్సరము మే నెల మీకు జ్ఞాపకముండును. ఆ వేసవిలో మన దేశములో వడగాడ్పునకు 2,000మందికి పైగా చనిపోగా, వారిలో అత్యధికులు ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములవారే. ఆ నెలలోనే మా సంఘస్థుడొకడు సుబాబుల్ కర్ర కొట్టు పనికి పోయెను. తెల్లవారుజామున సద్దన్నము తిని పోయిన మనిషి. పగలు ఒంటిగంట వేళ తల తిరుగుచున్నదని చెప్పి వేపచెట్టు క్రింద పండుకొనెను, మరల లేవలేదు. వయస్సు 45 కూడ నిండలేదు.

భూస్థాపన అయిన రాత్రి ఆ ఇంటి ముంగిట మేము కూర్చుండియుంటిమి. నేను పైన చెప్పిన నాలుగు జవాబులును ఆ ముంగిటనే, ఆ శోకములోనే, ఒకదానివెంట ఒకటి వినబడినవి. విధవరాలు అంతవరకు మాటలాడలేదు. అప్పుడు తలయెత్తి నన్ను అడిగినది: "అయ్యగారూ, ఆయన్ని దేవుడు తీసుకుపోయాడా, ఎండ తీసుకుపోయిందా? దేవుడైతే ఏడ్చుకుంటాను. ఎండైతే మా పిల్లోణ్ణి రేపటి నుంచి ఆ పనికి పంపను."

చదువరీ, ఇది చదువురాని స్త్రీ అమాయకపు ప్రశ్న అని యెంచకుడి. వేదపాఠశాలలో నేను చదివిన లావుపాటి పుస్తకములలో దీనికంటె సూటియైన ప్రశ్న నాకు కనబడలేదు. కారణము ఎందుకు తెలిసికొనవలెనో ఆమె ఒక్క మాటలో చెప్పినది. వాదములో గెలుచుటకు కాదు. రేపు ఉదయము బిడ్డను ఎక్కడికి పంపవలెనో తెలిసికొనుటకు.

నేను ఆమెతో, "ఎండేనమ్మా. పిల్లవాడిని పంపవద్దు" అంటిని.

తిరిగి వచ్చు త్రోవలో సంఘపు పెద్ద ఒకరు నన్ను నిలదీసిరి. "అయ్యగారూ, ఆయన సెలవు లేకుండా పిచ్చుక కూడా రాలదని చెప్పేది మీరే గదా! మరి ఎండ అన్నారేమిటి?" వారి ప్రశ్న కోపముతో అడిగినది కాదు, విశ్వాసముతో అడిగినదే. గనుక వారికి చెప్పిన జవాబునే మీకును చెప్పెదను.

సిలోయములో గోపురము కూలి 18మంది చనిపోయిన సంగతి మీరెరుగుదురు. వారు ఊరిలోని యితరులకంటె పాపులనుకొనవద్దని మన ప్రభువే చెప్పెను. పుట్టుగుడ్డివానిని చూచి, ఇది ఎవరి పాపమువలన కలిగినదని శిష్యులు అడిగినప్పుడును, ఆయన వానినిగాని వాని తలిదండ్రులనుగాని నిందింపలేదు. పగలుండగానే చేయవలసిన పనిని చూపి, మట్టి కలిపి, పని మొదలుపెట్టెను. ఎండదెబ్బ తిన్న కూలివాని ఇంటి ముంగిట నిలిచి అతని పాపములను లెక్కించుట మన పని కాదు. గోపురము కూలినచోట మరల కట్టబోవువాడు పునాదిని పరీక్షించుకొనవలెను. అట్లు పరీక్షించుట అవిశ్వాసము కాదు. దేవుడు మనకిచ్చిన కన్నులను తెరచి చూచుటయే.

అట్లయితే పునాదిని చూతము రండి.

మన భూమి చుట్టునున్న గాలిలో బొగ్గుపులుసు వాయువు అనునది కొద్దిగా కలసియున్నది. నేటి పిల్లలు బడిలో దీనిని కార్బన్ డయాక్సైడ్ అందురు. ఇది సూర్యుని వెలుగును క్రిందికి రానిచ్చును గాని, నేల నుండి పైకి పోవు వేడిని కొంత పట్టి నిలుపును. చలి రాత్రి మనము కప్పుకొను దుప్పటివంటిది. ఇట్టి వాయువులు వేడిని పట్టుకొనునని 1859లో జాన్ టిండాల్ అను శాస్త్రజ్ఞుడు ప్రయోగము చేసి చూపెను. ఈ వాయువు హెచ్చినయెడల భూమి ఎంత వేడెక్కునో 1896లో స్వీడన్ దేశస్థుడైన స్వాంతే అర్హీనియస్ లెక్కకట్టెను. అనగా ఈ విద్య నిన్న మొన్న ఏదో పక్షమువారు కల్పించినది కాదు, మన తాతలనాటిది.

మొదటి కర్మాగారములు లేచుటకు పూర్వము గాలి పది లక్షల పాళ్లలో ఈ వాయువు సుమారు 280 పాళ్లు ఉండెను. 1958లో చార్లెస్ కీలింగ్ అను ఆయన హవాయి ద్వీపములోని మౌనా లోవా కొండమీద దీనిని కొలుచుట మొదలుపెట్టినప్పుడు అది 315 ప్రాంతములో ఉన్నది. 2024 నాటికి 420 దాటినది. దుప్పటి ఒకటిన్నర రెట్లు మందమైనదన్నమాట.

"హెచ్చినది సరే, మనుష్యులే హెచ్చించిరని ఎట్లు చెప్పగలరు?" అని మీరు అడుగవచ్చును. చేను మేసిన పశువు ఎవరిదో మీరెట్లు కనిపెట్టుదురు? అడుగుజాడ చూతురు, పశువు తొడమీద ముద్ర చూతురు. ఇచ్చటను అట్టి ముద్ర యొకటి కలదు. పచ్చని చెట్టులోని కార్బనులో కార్బన్ 14 అను ఒక జాతి అణువులు బహు కొద్దిగా ఉండును. యుగయుగములు నేలలో పూడియున్న బొగ్గులోను చమురులోను అది పూర్తిగా నశించిపోవును. బొగ్గును చమురును కాల్చినకొలది గాలిలో ఆ జాతి పలుచబడవలెను గదా! అట్లే పలుచబడుచున్నదని 1955లో హాన్స్ సూస్ అను శాస్త్రజ్ఞుడు చెట్ల మ్రానులను పరీక్షించి కనుగొనెను. అది మన పశువు ముద్రయే.

సూర్యుడే వేడెక్కెనేమో అనువారును కలరు. 1978 నుండి ఉపగ్రహములు సూర్యుని శక్తిని కొలుచుచున్నవి. ఈ వేడికి తగినంత పెరుగుదల అందులో కనబడలేదు. అంతేకాదు, సూర్యుడే కారణమైతే క్రింది గాలియు మీది గాలియు రెండును వేడెక్కవలెను. అయితే మనముండు క్రింది గాలి వేడెక్కుచుండగా, బహు ఎత్తుననున్న గాలి చల్లబడుచున్నది. దుప్పటి మందమైనప్పుడు లోపల వెచ్చబడి వెలుపల చల్లబడుట మీకు తెలియనిది కాదు. ఈ సాక్ష్యములన్నిటిని పరిశీలించి, మనుష్యులు చేసిన పనులవలననే భూమి వేడెక్కినదని, ఇందులో సందేహము లేదని, ఐక్యరాజ్యసమితి 1988లో ఏర్పరచిన శాస్త్రజ్ఞుల సంఘము 2021లో తేల్చి చెప్పినది. కొలతలు వ్రాయబడిన సంవత్సరములన్నిటిలో 2024 అత్యధికమైన వేడిగల సంవత్సరము.

ఇక "ఎప్పుడును ఉన్నదే" అను రెండవ జవాబునకు వత్తము. ధాత కరువును గూర్చి మన పెద్దలు చెప్పుకొనునది నిజమే. దానిని గూర్చి తెలిసికొనిన కొలది నేటి మన వాదమునకు వెలుగు దొరకును.

1876లోను 1877లోను మద్రాసు రాజధానిలో వానలు తప్పినవి. కరువు 1878 వరకు నిలిచినది. చనిపోయినవారు 50 లక్షలకు పైబడిరి. అప్పుడును ఇట్టి వాదమే లేచినది: ఇది ఎందుచేత వచ్చినది? డబ్ల్యు. డబ్ల్యు. హంటర్ అను ప్రభుత్వోద్యోగి 1877లో ఒక చిన్న గ్రంథము వ్రాసి, సూర్యబింబముమీద కనబడు మచ్చలు హెచ్చి తగ్గుటనుబట్టియే దక్షిణదేశములో వానలు తప్పుచున్నవనెను. విద్వాంసులు దీనిని గూర్చి తర్జనభర్జనలు చేసిరి. ఆ దినములలోనే ఈ దేశపు ధాన్యము ఓడలెక్కి విదేశములకు పోవుచుండెను. ఆ దినములలోనే సర్ రిచర్డ్ టెంపుల్ అను అధికారి ఖర్చు తగ్గించుటకై, కరువుపనిలోని కూలివానికి దినమునకు ఒక పౌను ధాన్యముచొప్పున కొలత తగ్గించెను. అది మనిషి బ్రతుకుటకు చాలదని మద్రాసు వైద్యాధికారి డాక్టరు కార్నిష్ ఎదిరించి వాదించెను. వాన పడకపోవుటకు మనుష్యుడు కారణము కాకపోవచ్చును. ఆకలితో అంతమంది చచ్చుటకు మాత్రము సూర్యునిమీది మచ్చలు చాలవు.

హంటర్ వెదకుట తప్పని నేననను. వెదకినవారి వెంట మరియొకరు వెదకిరి. 1904లో మన దేశపు వాతావరణశాఖకు అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్, సంవత్సరముల తరబడి లెక్కలు కట్టి, పసిఫిక్ సముద్రముమీదను హిందూ మహాసముద్రముమీదను గాలి ఒత్తిడి త్రాసు తట్టలవలె ఒకవైపు లేచి ఒకవైపు దిగుచుండునని కనుగొనెను. నేడు వార్తలలో మీరు వినుచున్న ఎల్ నినో ఆ ఊపులోనిదే. ధాత కరువు సంవత్సరములలో అది మిక్కిలి బలముగా వచ్చినదని ఇప్పుడు తెలియుచున్నది. కాబట్టి పెద్దలు చెప్పినట్లు ఆ ఊయల పూర్వకాలమునుండియు ఊగుచున్నదే. అయితే ఊయల కట్టిన దూలమునే మనమిప్పుడు పైకి జరిపితిమి. పూర్వము ఎండ ఎంతవరకు లేచెనో ఇప్పుడు దానికి మించి లేచుచున్నది. రెండును నిజమే; ఒకటి రెండవదానిని కొట్టివేయదు.

ఆ కరువులోనే, విద్వాంసులు మచ్చలను లెక్కించుచుండగా, ఒంగోలులో ఒక మనుష్యుడు కొలబద్ద చేతబట్టెను. ఆయన అమెరికను బాప్తిస్టు మిషనరీయగు డాక్టరు జాన్ ఇ. క్లౌ దొరగారు. యౌవనములో భూములు కొలుచు సర్వే పని నేర్చిన మనిషి. ప్రభుత్వమువారు త్రవ్వించుచున్న బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల భాగమును కంట్రాక్టు పుచ్చుకొని, ఆకలిగొన్న పల్లెలవారికి గడ్డపారలును తట్టలును ఇచ్చి, పని చూపి, కూలి చెల్లించెను. మనలో అనేకుల ముత్తాతలు ఆ మట్టి మోసినవారే. మరియొక సంగతి గమనింపదగినది: అన్నము కొరకు మతము పుచ్చుకొనిరని ఎవరును అనకుండునట్లు, ఆ కరువుపని జరిగినన్నాళ్లు ఆయన బాప్తిస్మములు ఆపివేసెను. కరువు తగ్గిన పిమ్మట, 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కదినమే 2,222మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్యను మనము ప్రతి జూబిలీలోను చెప్పుకొందుము. దానికి ముందున్న మూడున్నర మైళ్ల మట్టిపనిని చెప్పుకొనువారు తక్కువ.

ఆ కాలువ ఏమైనదో యెరుగుదురా? నేడది చాలచోట్ల పూడిపోయినది. అయినను 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, ఎగసివచ్చిన సముద్రపు నీటిని ఆ కాలువ కొంతవరకు తనలో ఇముడ్చుకొని వెనుకనున్న పల్లెలను కాచినదని శాస్త్రజ్ఞులు వ్రాసిరి. సూర్యుని మచ్చల వాదము గ్రంథాలయములలో దుమ్ముపట్టియున్నది. ఆకలిగొన్నవారు త్రవ్విన గుంట 125 సంవత్సరములైన తరువాత కూడ పరుల ప్రాణములకు అక్కరకు వచ్చినది.

మూడవ జవాబును ఇప్పుడు తూచి చూతము. ధనిక దేశములవారు ఎక్కువ చెరిపిరనుట లెక్కలకు నిలుచు మాటయే. నేడు మన దేశములో మనిషికి సగటున సంవత్సరమునకు సుమారు 2 టన్నుల బొగ్గుపులుసు వాయువు లేచుచుండగా, అమెరికాలో మనిషికి సుమారు 14 టన్నులు లేచుచున్నది. 1992లో రియో నగరములో దేశములన్నియు కూడి, బాధ్యత అందరిదైనను బరువు అందరికి సమానము కాదని ఒప్పుకొనినవి. ఒక బల్బు, ఒక ఫ్యాను ఉన్న పూరింటి తల్లియొద్దకు పోయి, "నీ పొగవలన లోకము చెడినది" అని ప్రసంగించువాడు న్యాయము తెలియనివాడు. అట్టి ప్రసంగము నేను చేయను, మీరును వినకుడి.

అయితే చదువరీ, ఆ "ధనికులు" ఎవరో కొంచెము దగ్గరగా చూడుడి. మన సంఘముల బిడ్డలు ఎందరు నేడు అమెరికాలో లేరు? ఎందరు హైదరాబాదులోను బెంగుళూరులోను చల్లని గదులలో కూర్చుండి, ఒక్కరికొక కారు చొప్పున తిరుగుట లేదు? వారు పంపిన సొమ్ముతో మనము గోడలు కట్టుకొని, వారి పేర కృతజ్ఞతార్పణలు చెల్లించి, మరల అరుగుమీద కూర్చుండి "ఆ ధనిక దేశములవారు" అందుము! వారిని నిందింపుడని నేను చెప్పుట లేదు. వారు సెలవులకు వచ్చినప్పుడు అడుగుడి: "నాయనా, నువ్వుండే చోట మీరు దీన్ని గురించి ఏమి చేస్తున్నారు?" తల్లిదండ్రుల ప్రశ్నకు ప్రభుత్వముల ప్రశ్నకు లేని బలముండును. ఇక్కడనే ఉన్న మనమును తప్పించుకొనలేము. కోసిన వరికొయ్యలకు అగ్గిపెట్టువారు మనమే. నీడనిచ్చు చింతచెట్టును ఇటుకబట్టీకి అమ్మువారు మనమే. ప్రక్కవాని బోరుకంటె నూరడుగులు లోతుగా దింపువారును మనమే.

నోవహును గూర్చి పలుకు పెద్దలకు ఒక్క మాట. దేవుని వాగ్దానము స్థిరమైనదే. అయితే ఆ వాగ్దానము వినిన నోవహు, అంతకు ముందు ఎన్ని దినములు కొయ్య చెక్కెనో, ఎంత కీలు పూసెనో మరువకుడి. యోసేపును చూడుడి: కరువు వచ్చునని దేవుడే తెలిపినప్పుడు ఆయన ఊరక కూర్చుండలేదు, ఏడు సంవత్సరములు కొట్లు కట్టించెను. తెలిసినవాడు దాచిపెట్టుటయే విశ్వాసము.

మేమేమి చేసితిమో కూడ చెప్పవలెను గదా! 2016 వేసవికి ముందు మా సంఘములోని స్త్రీల సమాజమువారు పెద్దల యెదుటికి వచ్చి ఒక మనవి చేసిరి. మా పల్లెలో ఫ్యానులున్న పెద్ద కట్టడము గుడి యొక్కటే. ఎండ ముదిరిన దినములలో పగలు 11 గంటల నుండి 4 గంటల వరకు దాని తలుపులు తెరచి, కూలికి పోయి వచ్చువారందరికి, ఏ వీధివారైనను ఏ మతమువారైనను, నీడయు నీరును ఇయ్యవలెనని. అప్పటికి మేము గంటగోపురము కొరకు కోతపండుగ చందాలు కూడబెట్టుచుంటిమి. ఆ సొమ్ములో కొంత తీసి పైకప్పుకు సున్నము వేయించి, కుండలు కొని, కరెంటు బిల్లు కట్టవలెనని వారి కోరిక. తెల్లని కప్పు ఎండను తిప్పికొట్టి లోపల చల్లగా ఉంచునని వారిలో చదువుకొనిన కోడలొకతె చెప్పినది.

రెండు రాత్రులు వాదము జరిగినది. బురదకాళ్లతో వత్తురనిరి. బీడీలు కాల్చుదురనిరి. గోపురమునకని యిచ్చిన సొమ్ము మరియొకదానికి తీయరాదనిరి. ఈ మాటలో న్యాయము లేకపోలేదు. కడపట ఒక పెద్దమనిషి లేచి, "ఇది దేవుడి మందిరమా, సత్రమా?" అని గద్దించెను. వెనుక చాపమీద కూర్చున్న ముసలమ్మ ఒకతె మెల్లగా అన్నది: "సత్రంలో చోటు లేకనే గదయ్యా మరియమ్మ బిడ్డని పశువుల తొట్లో పండబెట్టింది!" అటుపిమ్మట ఎవరును మాటలాడలేదు. సొమ్ము యిచ్చినవారిని ఒక్కొక్కరిని అడిగి, ఒప్పుకొన్నవారి భాగము మాత్రమే తీసి, తలుపులు తెరచితిమి.

ఆ వేసవిలో మా పల్లెలో వడదెబ్బకు ఎవరును చనిపోలేదు. ఇది తలుపులు తెరచినందువలననే అని నేను చెప్పను. అట్లు చెప్పుటకు నాయొద్ద కొలత లేదు. గోపురము ఇంకను లేవలేదు. ఇద్దరు ముగ్గురు పెద్దలకు నామీద ఇప్పటికిని కినుక కలదు. తలుపులు మాత్రము ప్రతి వేసవిలో తెరచుచున్నాము.

ఇట్టివి పెద్ద పనులు కావని నేనెరుగుదును. పొగను తగ్గింపవలసిన పెద్ద బరువు ప్రభుత్వములమీదను, పెద్ద కర్మాగారములమీదను, ఎక్కువ కాల్చువారిమీదను ఉన్నది. ఓటు అడుగవచ్చినవారిని దీనిని గూర్చి అడుగుట మన హక్కు. అయితే వచ్చిన ఎండనుండియు, వచ్చు తుఫానునుండియు పొరుగువానిని కాచుటకు మనము ఎవరి సెలవు కొరకును వేచియుండనక్కరలేదు. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన వచ్చినప్పుడు సుమారు 10,000మంది కొట్టుకొనిపోయిరి. 2014 అక్టోబరు 12న విశాఖపట్నముమీద హుద్‌హుద్ తుఫాను విరుచుకొనిపడినప్పుడు చనిపోయినవారు పదుల సంఖ్యలోనే. రెండు తుఫానులు ఒకటి కావు. అయినను ముందుగా హెచ్చరిక అందుటయు, హెచ్చరిక వినినవారు కదలుటయు లక్షలమందిని బ్రదికించినవి. వినుట, కదలుట, ప్రక్క ఇంటి ముసలివానిని చేయిపట్టి తీసికొనిపోవుట: ఇవి మన చేతిలోనివి.

కాబట్టి చదువరీ, మీకు పొలమున్నయెడల ఈ వేసవిలో కూలివారిని తెల్లవారకముందే పిలిచి పదిన్నరకు విడిచిపెట్టుడి. దానికై కూలి తగ్గింపకుడి. ఎండలో పనిచేయువాడు తూలినను, మాట తడబడినను, నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లంతయు చల్లబరచి, ఆలస్యము చేయక ఆస్పత్రికి తీసికొనిపోవుడి. స్పృహలో ఉన్నయెడల ఉప్పును పంచదారయు కలిపిన నీరు కొంచెము కొంచెముగా పట్టుడి. పొలములో ఒక మూల నీటికుంట త్రవ్వుడి. ఒక్క పంటమీదనే ప్రాణములు పెట్టక, కొర్రయు సజ్జయు కందియు కొంత కలిపి చల్లుడి. వాన తగ్గినను అవి బొత్తిగా చేయి విడువవు. కొయ్యలకు నిప్పు పెట్టకుడి. కొట్టిన చెట్టుకు బదులు చెట్టు నాటి, మూడు వేసవులు నీరు పోయుడి. మీకు పొలము లేనియెడల, మీ గుడి తలుపును గూర్చి మీ పెద్దలను అడుగుడి.

ఈసారి రచ్చబండమీద వానను గూర్చిన వాదము లేచినప్పుడు మీరును కూర్చుండి వినుడి. ఎవరు చేసిరో తెలిసినంతవరకు నిజము చెప్పుడి; పొగవలన చెడినదని చెప్పుటకు వెరవకుడి. అందరును లేచి కండువాలు దులుపుకొనుటకు ముందు మరియొక ప్రశ్న అడుగుడి: "సరే, రేపు పొద్దున ఎవరు ఏ పని చేద్దాం?" ఆ ప్రశ్నకు కనీసము ఒక్క జవాబు దొరకువరకు సభను చాలింపనీయకుడి. అట్టి మనస్సును, అట్టి చేతులను ప్రభువు మీకును నాకును దయచేయును గాక.